డాక్టరమ్మగారు కోసి చూపించిన గుండె

డాక్టరమ్మగారు పోయారు. మంగళవారం పొద్దున్న పాలు పోసే మనిషి గుమ్మంలో చెంబు దించి, "అమ్మా, మన డాక్టరమ్మ తెల్లారి లేవలేదటమ్మా" అంది. ముందురోజు సాయంత్రమే ఆవిడ మా మనవడి గుండె మీద గొట్టం పెట్టి, కళ్ళు మూసుకుని, పాట వింటున్నట్టు చాలాసేపు విన్నారు.

అనకాపల్లిలో సగం మందికి పురుడు పోసిన చెయ్యి అది. పని మానుకున్నాక మా వీధిలోనే, మా ఇంటికి రెండిళ్ళ అవతల ఒంటరిగా ఉండేవారు. కాఫీ నిలబడే తాగేవారు. దారంతో పెన్సిలు కట్టిన చిన్న పుస్తకం ఎప్పుడూ నడుముకు దోపుకుని ఉండేవారు. అర్థం కానిది కనబడితే అందరం దిగులుపడతాం. ఆవిడ ముఖం మాత్రం వెలిగిపోయేది.

మా మనవడు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పుట్టాడు. మూడోవారం నుంచి, ఏడ్చినప్పుడల్లా నేరేడుపళ్ళు తిన్నట్టు పెదవులూ గోళ్ళూ నీలంగా మారిపోయేవి. పక్షి నీడ పడిన దోషమన్నారు. పొట్ట మీద కాల్చిన పసుపుకొమ్ముతో వాతలు పెడితే పోతుందన్నారు. నేనూ నమ్మాను. గురువారం రమ్మని రోలుగుంటలో వాతలు పెట్టే ముసలమ్మకు కబురు పంపాను.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. కోడలు కడుపుతో ఉండగా గ్రహణం పట్టింది. ఆ వేళ తను మరిచిపోయి కత్తిపీట ముందేసుకుని చిక్కుడుకాయలు తరిగింది. నాకు గట్టిగా మాట్లాడడం రాదు. "ఆ రోజు కత్తిపీట ముట్టుకోకుండా ఉండాల్సిందమ్మా" అని, బిడ్డ నీలం తిరిగినప్పుడల్లా, మెల్లగానే అన్నాను. కాని పదిసార్లు అన్నాను. ఆ పిల్ల తిండి మానేసింది. పాలు తగ్గిపోయాయి.

వాతల సంగతి తెలిసి, ఆ గురువారానికి ముందురోజు పొద్దున్నే డాక్టరమ్మగారు మా పెరట్లోకి వచ్చారు. చేతిలో ఆకులో చుట్టిన మేక గుండెకాయ. మాంసం కొట్టు సాయిబు "కూరకి ఇదేం సరిపోద్ది డాక్టరమ్మా?" అన్నాడట. "వండుకోడానికి కాదు సాయిబూ, చదువుకోడానికి" అన్నారట ఈవిడ.

"అత్తగారూ, ఇలా రండి. పూజ తరవాత చేసుకుందురు గాని." నన్ను వెక్కిరించాలనుకున్నప్పుడల్లా ఆవిడ 'అత్తగారూ' అనేవారు.

ఎనామిలు పళ్ళెంలో గుండెను పెట్టి, పై నుంచి కోసి విప్పారు. కింద రెండు పెద్ద గదులు, మధ్యన గోడ. కుడి గదిలో సిరా కలిపిన నీళ్ళు పోశారు. ఎడమ గదిలోకి చుక్కయినా రాలేదు. అప్పుడు ఊపిరితిత్తులకు పోయే గొట్టాన్ని దారంతో బిగించి, మధ్య గోడకు దబ్బనంతో కన్నం పొడిచి, మళ్ళీ పోశారు. నీలం అవతలి గదిలోకి ఊరింది. తలస్నానం చేసినదాన్ని, దూరంగా జరగాల్సినదాన్ని, కళ్ళు తిప్పుకోలేక వంగి చూశాను.

"చూసేరా? ఊపిరితిత్తుల దారి ఇరుకు. గోడకి కన్నం. గాలి తగలని రక్తం ఇటు తిరిగి ఒళ్ళంతా పోతాది. మీ వాడి గుండెలో చప్పుడు వింటే నాకిలాగే అనిపిస్తంది. ఇప్పుడు వాతలు పెట్టేరనుకోండి, గుక్కపట్టి ఏడుస్తాడు. ఆ ఏడుపులోనే పోతాడు."

కోడలు గోడకు జారబడింది. "నేను కత్తిపీట ముట్టుకున్నానండి, గ్రహణంలో."

"ఎన్నో నెల?"

"ఏడో నెలండి."

"గుండెలో ఈ గోడ రెండో నెల దాటకుండానే కట్టేసుకుంటాదే పిచ్చిదానా! నువ్వు చిక్కుడుకాయలు తరిగేసరికి ఆ కన్నం ఐదు నెలల పాతది." నా వైపు తిరిగారు. "ఏటి అత్తగారూ, మీ గ్రహణం వెనక్కి నడిచి వెళ్ళిందా?"

"మరి ఎందుకొచ్చిందండీ?" అన్నాను.

"తెలీదు. దేవుడు ఎందుకు చేసేడో మీరడగండి. ఎలా చేసేడో నేను చూస్తాను."

ముసలమ్మను రావద్దని ఆ పూటే కబురు పంపాను. కోడలితో చెప్పాల్సిన మాట మాత్రం నా నోరు దాటలేదు.

తరవాత కొన్నాళ్ళకు, అమెరికాలో ఇలాంటి పిల్లలకు ఆపరేషను చేస్తున్నారని వైద్య పత్రికలో చదివి డాక్టరమ్మగారు పరుగున వచ్చారు. మద్రాసు పెద్దాసుపత్రికి రాశారు. ఇక్కడింకా ఎవరూ చెయ్యడం లేదని జవాబొచ్చింది. ఆవిడ మళ్ళీ రాశారు.

వాడు నడక నేర్చాక ఇంకో వింత. పది అడుగులు వేసి, మోకాళ్ళు గుండెకు ఆన్చి గొంతుకూర్చునేవాడు. డాక్టరమ్మగారు అరుగు మీద నుంచి అడుగులు లెక్కపెట్టేవారు. "అలా కూర్చుంటే పెదాలు ఎర్రబడతన్నాయి చూసేరా? ఎందుకో నాకు తెలీదు. వాడికెవరు చెప్పేరో!" అని నవ్వుకుంటూ పుస్తకంలో రాసుకునేవారు.

ఆ మంగళవారం ఆవిడ పాడె వెంట బజారు చివరిదాకా వెళ్ళి వస్తుంటే, వాడు బజారు నడిమధ్యన కూర్చుండిపోయాడు. వెనక బెల్లం బళ్ళు ఆగిపోయాయి. "ఓలమ్మా, సంటోడిని లెగదియ్యండి!" అని బండివాడు కేకేశాడు. దారిన పోతున్న ఒకావిడ వంగి చూసి, "నీలంగా ఉన్నాడేటి? తల్లి గ్రహణంలో ఏటి సేసిందో!" అంది.

"మా కోడలు ఏమీ చెయ్యలేదు" అన్నాను. నా గొంతు బండివాడికి కూడా వినబడింది. "దాని తప్పేమీ లేదు. నేనే పదిసార్లు తప్పుగా అన్నాను."

కోడలు నా ముఖంలోకి చూసింది. కొడుకు పక్కన రోడ్డు మీదే గొంతుకూర్చుంది. నేనూ మెల్లగా కూర్చున్నాను. వాడి పెదవుల నీలం వదిలేదాకా, ఎడ్లు మా వెనక మెడగంటలు కదుపుతూ నిలబడ్డాయి.