చిన్ని తిరిగి చూసిన మోత

వీధిలో వెళ్లే కారులోని పాటకి మా కిటికీ అద్దం అదిరితే చిన్నప్పటి ఖరగ్‌పూర్ గుర్తొస్తుంది. అక్కడి సుభాష్‌పల్లి ఇంట్లో నాన్న ఒక రోజు స్టీరియోకి కొత్త సబ్‌వూఫర్ తగిలిస్తున్నాడు. మూడేళ్ల మా చెల్లి చిన్ని ఎంత పిలిచినా పలికేది కాదు.

"దీని మోతైనా మన చిన్ని గుంటకి ఇనబడతాదంటావా?" అంది అమ్మ.

నాన్న స్విచ్ వేశాడు. గుండెల్లో గుద్దినట్టు మోత. అటు తిరిగి నేల మీద ఆడుకుంటున్న చిన్ని చటుక్కున వెనక్కి చూసింది.

"సెల్లికి ఇనబడ్డాదే అమ్మా," అని గెంతాను. అమ్మ ఏడ్చేసింది.

నాన్న పాట ఆపాడు. చిన్నిని చంకనెత్తుకుని పాట మళ్లీ పెట్టాడు. ఈసారి చిన్ని కదల్లేదు.

"నేల అదిరితే తిరిగినాది, అంతే. రేపు డాక్టర్ దగ్గరికెల్దాం," అన్నాడు.

మా సంబరం పాడుచేశాడని చాలా రోజులు ఆయన మీద కోపంగా ఉన్నాను. ఆ సబ్‌వూఫర్ తెచ్చిందే చిన్ని కోసమని, మా అందరికన్నా ఎక్కువ ఆశపడింది ఆయనేనని అప్పుడు నాకు తెలియదు.