ఇద్దరి పంపు

మా నల్లగండ్ల అపార్ట్‌మెంటులో పూలమొక్కలకి మందు కొట్టడానికి నెలకోసారి ఒకాయన వస్తాడు. నలభై ఏళ్ళుంటాయి. వీపుకి ప్లాస్టిక్ ట్యాంకు, దానికే బ్యాటరీ, చెవుల్లో పాటలు. మీట నొక్కితే చాలు, మందు సన్నని తుంపరగా పడుతుంది. మొన్న మబ్బు పట్టిన పొద్దున కింద బల్ల మీద కూర్చుని చూస్తూ, నోరు ఊరుకోక, "ఒక్కడివే వచ్చావా నాయనా?" అని అడిగాను. ఒక చెవిలోంచి పాట పీకి, "ఒక్కన్ని చాలమ్మా. గిది ఒక్కని పంపే. రెండో మనిషితోని ఏం పని?" అన్నాడు, మళ్ళీ చెవి మూసేసుకున్నాడు. పంపు వరకూ అతను చెప్పింది అక్షరాలా నిజం. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు. మా చినమామగారు గుర్తొచ్చారు.

ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ కొండాపూర్ వైపు, డెబ్బైల మొదట్లో బండరాళ్ళూ, సీతాఫలం పొదలూ, మధ్యమధ్య ద్రాక్షతోటలూ ఉండేవి. అందులో ఒక తోట మా చినమామగారిది. మా ఆయనకి బాబాయి. మా గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ సర్కారు కొలువు చేసి, రిటైరయ్యాక తిరిగి వెళ్ళకుండా ఆ తోట కొనుక్కుని అందులోనే పెంకుటిల్లు వేసుకున్నారు. భార్య పోయింది, పిల్లల్లేరు. నాకప్పుడు కొత్తగా పెళ్ళయింది. మా ఆయనది ఎక్కడో ప్రాజెక్టు క్యాంపులో ఉద్యోగం. "క్వార్టర్ ఇచ్చేదాకా బాబాయి దగ్గరుండు" అని నన్నూ నా ట్రంకు పెట్టెనీ ఆ తోటలో దింపి వెళ్ళిపోయారు. పదిహేను రోజులకోసారి వచ్చేవారు. వచ్చిన రోజు నిద్రకీ, మర్నాడు ప్రయాణానికీ సరిపోయేది.

మా ఇళ్ళల్లో ఆ రోజుల్లో కోడలు మామగారి ఎదుట నిలబడదు, ఎదురుగా మాట్లాడదు. మధ్యలో అత్తగారో ఆడపడుచో ఉంటే ఆ ఆచారం ఎలాగో నెట్టుకొస్తుంది. ఇద్దరే ఉన్న ఇంట్లో అది ఎంత నరకమో ఆచారం పెట్టినవాళ్ళకేం తెలుసు? ఆయన గడపలో దగ్గేవారు, నేను తలుపు చాటుకి వెళ్ళేదాన్ని. ఆయనకేం కావలసినా గోడతో చెప్పేవారు. "ఇవాళ పులుసులో ఉప్పు కాస్త వెనకాడింది" అని గోడకి ఫిర్యాదు. "రేపు సరిగ్గా పడుతుంది" అని తలుపు చాటునుంచి నేనూ గోడకే జవాబు. పాపం, ఆ గోడకి మా ఇద్దరికంటే ఎక్కువ మాటలొచ్చు. కోనసీమలో పదిమంది మధ్య పెరిగినదాన్ని, రోజు మొత్తం మీద నా గొంతు నాకే వినబడేది కాదు. ఏడ్చేదాన్ని. వచ్చి తీసుకుపొమ్మని మా నాన్నకి ఇన్‌లాండ్ కవరు మీద రాసేశాను కూడా. అంటించి చీరల కింద పెట్టుకున్నాను. పోస్టుడబ్బా దూరం గనక అది ట్రంకులో ఉండిపోయింది, అంతే. ఈసారి ఎవరు ఊళ్ళోకి వెళ్ళినా ఇచ్చేద్దామనే నిశ్చయం.

ఆ ఏడాదే చినమామగారి మందు పంపు చచ్చింది. ఎవరో ఇచ్చిన ఇనప పంపు అది. ద్రాక్ష బూజు తెగులుకి మైలుతుత్తం, సున్నం కలిపి నీలం మందు కొడతారు. ఆ మైలుతుత్తం ఇనుముని కొరుక్కుతినేసింది. ఇక కొత్త పంపు ఏది కొనాలా అని ఆయన పడ్డ మథనం, పిల్లకి సంబంధం చూసేవాళ్ళు కూడా పడి ఉండరు. ఇత్తడిది ఉండాలి, అది ఖాయం. వీపుకి తగిలించుకునేదా? ఒక్క మనిషి చాలు, కానీ ద్రాక్ష పందిరి నెత్తి మీద ఉంటుంది, మందంతా కారి మెడలోకి దిగుతుంది. ఇంజను పంపా? అంత చిన్న తోటకి ఏనుగుని కట్టేసినట్టు. కాలితో తొక్కే పంపా? గొట్టం పొడుగు, ధార బలం, పందిరి పైకి బాగా అందుతుంది. కానీ ఒకరు ఇక్కడ నిలబడి తొక్కుతుంటే ఇంకొకరు ముప్పై గజాల అవతల గొట్టం పట్టుకోవాలి. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? రోజూ భోజనాల వేళ గోడకి చెప్పేవారు కదా.

పక్కతోట అన్నకి ఈ విషయంలో రెండో మాటే లేదు. ఆయన ఆ ఊరివాడే, నన్ను చెల్లె అనేవాడు. వాకిట్లో నిలబడి గట్టిగా చెప్పేవాడు. "సారూ, నాలుగొద్దులకు ఒకపాలి వచ్చే జీతగాన్ని నమ్ముకొని తొక్కుడు పంపు కొంటవా? పరేషాన్ అయితవ్. వీపు పంపే తీస్కో, ఎవల్ని అడుక్కునే పని లేదు." అందరూ అదే అన్నారు. నాక్కూడా అదే సబబనిపించింది. చివరికి ఆయనా, అన్నా కలిసి రాణిగంజ్‌లో పంపుల దుకాణానికి వెళ్ళారు. సాయంత్రం చూస్తే బండిలోంచి తొక్కుడు పంపు దిగింది. పక్కతోట అన్న నెత్తి కొట్టుకుంటూ ఇంటికెళ్ళిపోయాడు. చాదస్తం అనుకున్నాను నేను.

అన్న అన్నట్టే అయింది. దసరా వెళ్ళాక కొమ్మలు కత్తిరించారు, లేత చిగుళ్ళు వేశాయి. దీపావళికి తోటపని చేసే ఆ జీతగాడు అత్తగారింటికి వెళ్ళాడు, వెనకే ముసురు పట్టింది. నాలుగు రోజులకి వాన తెరిపిచ్చేసరికి ఆకుల అడుగున తెల్లగా బూజు. ఆ పూట మందు పడకపోతే ఆ ఏటి పంట లేనట్టే. పక్కతోట అన్న తన తోటలో తను తలమునకలుగా ఉన్నాడు. చినమామగారు కుండలో మందు కలిపి, ఇనప కత్తి ఒకటి కావాలని గోడకి చెప్పారు. గుమ్మంలో పెట్టాను. మందులో కత్తి ముంచి తీస్తే ఎర్రబడకూడదట, ఎర్రబడితే సున్నం చాలనట్టు. ఎర్రబడలేదు. అప్పుడు ఆయన పంపు దగ్గర నిలబడి ఇరవైసార్లు తొక్కారు. పంచె ఎగ్గట్టి ముప్పై గజాలు పరుగెత్తారు. గొట్టం ఎత్తేసరికి రెండు గుక్కల మందు వచ్చి ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి పరుగు. మళ్ళీ తొక్కుడు. వంటింటి కిటికీలోంచి చూస్తూ ముందు పకపకా నవ్వాను. నాలుగోసారికి ఆయన పంపు మీద చెయ్యి ఆనించి, వంగి, ఒగర్చుతూ అలాగే ఉండిపోయారు. పిలవాలంటే అక్కడ గోడ కూడా లేదు.

కొంగు నడుముకి దోపి వెళ్ళాను. నేను వస్తుంటే ఆయన చటాలున పక్కకి తప్పుకుని, గొట్టం చివరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డారు. పెడల్ మీద కుడికాలు వేశాను. మామగారి ఎదుట నిలబడకూడదన్నారు గాని, ముప్పై గజాల దూరాన పంపు తొక్కకూడదని ఎవరూ చెప్పలేదు కదా! "తొక్కూ!" అని కేక వినబడింది. ఆ ఇంటికొచ్చిన ఆరు నెలల్లో ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది. తొక్కాను. రెండు వరసలయ్యాక ధార తగ్గింది. "గట్టిగా తొక్కమ్మా, మీ నాన్న నీకు తిండి పెట్టలేదా ఏం?" అని అరిచారు. అంతే, నా లోపల ఆరు నెలలుగా మూత పెట్టిందంతా పొంగిపోయింది. "మా నాన్న తిండీ పెట్టాడు, మాటా పెట్టాడు. మీ ఇంట్లోనే పలకరించే దిక్కు లేదు!" అని నేనూ అరిచాను. కాలు ఆగిపోయింది. నాజిల్‌లోంచి మందు చుక్కలు చుక్కలుగా రాలి ఆగింది. అయిపోయింది, రేపు ఆయనే నన్ను పుట్టింటికి పంపిస్తారు అనుకున్నాను. ఆయన వెనక్కి తిరక్కుండానే, "తొక్కమ్మా" అన్నారు. "మాట్లాడుకుందాం."

మాట్లాడుకున్నాం. అరుచుకున్నాం అనాలి. ఆ సాయంత్రం దాకా, పోయిన చినత్తగారు పనసపొట్టు కూరకి ఆవ ఎలా పెట్టేవారో, మా నాన్న గోదావరి ఎలా ఈదేవాడో, ఆ చుట్టుపక్కల బండరాళ్ళన్నీ వినేశాయి. ఇంట్లోకొస్తే మళ్ళీ దగ్గూ, తలుపు చాటూ, గోడా మామూలే. మాటలు పంపు దగ్గరే. అందుకని ఊరంతా మబ్బు చూసి హడలిపోతుంటే నేను మాత్రం పాపిష్టిదాన్ని, వాన పడాలని మొక్కుకునేదాన్ని. ఆయనా తక్కువ తినలేదు. ఎండ కాస్తున్నా సరే, "ఎందుకైనా మంచిది, ఇవాళోసారి కొడితే" అని గోడకి చెప్పేవారు. "తెగులు లేని తీగకు ఇన్నిమాట్ల మందేంది సారూ, ఆకులు నీలమైపాయె" అని పక్కతోట అన్న మొత్తుకునేవాడు. ట్రంకులో ఇన్‌లాండ్ కవరు ట్రంకులోనే ఉండిపోయింది.

మూడేళ్ళకి క్యాంపులో క్వార్టర్ ఇచ్చారు. నేను ఎదురుచూసిందే, ఎగిరి గంతేసి వెళ్ళాను. తర్వాత పిల్లలు, బదిలీలు. తోటకి ఎండాకాలం సెలవుల్లో వచ్చేవాళ్ళం. మందు కొట్టే రోజుల్లో ఒక్కసారీ రాలేదు. రావాలని తోచనైనా లేదు, అబద్ధమెందుకు? ఆ దశకం చివర్లో చినమామగారు పోయారు. పదో రోజున పక్కతోట అన్న కొట్టంలోకి తీసుకెళ్ళి ఆ పంపు చూపించాడు. పచ్చగా చిలుము పట్టి ఉంది. "మీరు వొయినంక ఒక్కడే తొక్కుకుంట, ఒక్కడే ఉరుక్కుంట ఉండె చెల్లె. వీపు పంపు కొనరాదు అంటే ఇనకపాయె" అన్నాడు. తనలో తను నవ్వుకున్నట్టుగా మళ్ళీ అన్నాడు. "రాణిగంజ్‌ల దుకాణపాయిన గూడ గిదే చెప్పిండు. ఎందరుంటరు సాబ్, ఒక్కరే అయితే వీపుదే మంచిగుంటది అన్నడు. ఈయనేమన్నడు ఎరికేనా? ఇద్దరం అన్నడు. మా ఇంట్ల ఇద్దరం ఉంటం, ఇద్దరి పంపే కావాలె అన్నడు. కోడలితోని తొక్కిపిస్తడా ఏందని నేనే పరేషానైన."

కొంగుతో ఆ పెడల్ మీది చిలుము తుడిచాను. చాదస్తం అనుకున్నాను నేను. ఆరు నెలలు ఇంట్లో నేనొక్కదాన్నే ఒంటరినని ఏడ్చుకున్నాను. గోడ అవతల ఆయన ఇద్దరమని లెక్క వేసుకుంటున్నారు.

మొన్న అపార్ట్‌మెంటులో ఆ ఒక్కని పంపు మనిషి పావుగంటలో పని ముగించుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మా అమ్మాయీ అల్లుడూ ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. అందాకా బాల్కనీలో నేనూ, గోడా. "తొక్కమ్మా, మాట్లాడుకుందాం" అన్న ఆ కేకకి యాభై ఏళ్ళు దాటాయి. ఇప్పటికీ మబ్బు పడితే నా కుడికాలు దానంతటదే కదులుతుంది.