బావిగట్టు మీద ఊలు దుప్పటి

మా అత్తగారింట్లో పుట్టని బిడ్డ కోసం దారప్పోగు కూడా కొనకూడదు. కొంటే ఏమవుతుందో ఎవరూ నోరు తెరిచి చెప్పరు. చెప్పకపోవడంలోనే భయమంతా ఉంది. తొంభైల చివర్లో మా ఆడపడుచు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు, మేడ్చల్ బజారుకు పోయి ఊలు తెచ్చుకుంటానని నోరు జారాను. అత్తమ్మ బియ్యం చెరుగుతున్న చాట కింద పెట్టేసింది.

"ఏందే, పిచ్చిగిట్ల లేసిందా నీకు? బిడ్డ భూమ్మీద పడకముందే దుప్పటి అల్లుతవా? థూ! ఆ మాట మల్ల నా చెవుల పడొద్దు."

పడనివ్వలేదు. కానీ ఇరవై ఒకటో రోజున బిడ్డను తొట్టెలలో వేసేనాటికి దుప్పటి సిద్ధంగా ఉండాలని నా పంతం. చలికాలంలో శామీర్‌పేట చెరువు మీది గాలి మా ఇంటిని ఓ పట్టాన వదలదు. క్రోషియా అల్లేవాళ్లకు తెలుసు, సన్న సూదితో ఒంటిపోగు దుప్పటి అంటే అది తెమిలే పని కాదు. అందుకే బడిలో మా కుట్టు టీచరమ్మ నేర్పిన అడ్డదారి పట్టాను. లావు సూది, జంట పోగు, చిన్న చిన్న చదరాలుగా అల్లేసి చివర్లో కలిపి కుట్టడం. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు ఒక చదరంలో సగం తేలిపోతుంది.

ఆడపిల్ల పుట్టింది. కబురు తెలిసిన మధ్యాహ్నమే బస్సెక్కి మేడ్చల్ వెళ్లి తెల్లటి ఊలు కొనుక్కొచ్చాను.

"పసిపిల్లకు తెల్లదేంది? రెండు దినాలల్ల మాస్తది," అన్నాడు మా ఆయన.

"మాస్తె ఉతికేది నేను. నీదేం బోయింది?" అన్నాను.

నిజంగానే ఉతకడం మొదటి రోజు నుంచే మొదలైంది. అంగట్లో ఎంతమంది చేతులు పడ్డాయో, ఎవరి మైల అంటిందో అని అత్తమ్మ పట్టు. ఏ పూట అల్లిన చదరం ఆ పూటే బావి నీళ్లతో తడిపి, పిండి, ఎండలో ఆరేస్తే తప్ప ఒప్పుకోదు. నేను గొణుక్కుంటూనే ఉతికి, ఆరాక నా ట్రంకుపెట్టెలో ఒకదానిమీద ఒకటి పేర్చుకునేదాన్ని.

ఇంటి వెనక చేదబావి అంటే అత్తమ్మకు ప్రాణం. "నేను ఈ ఇంట్ల కాలు వెట్టిన పొద్దే ఆ బాయికి పసుపు కుంకుమ వెట్టిన. మా బాయి నీళ్లు కమ్మగుంటయ్. ఒక్కపాలి తాగినోళ్లకు ఇంకో నీళ్లు నోట్లకు వోవు," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. కరెంటు మీటరు చూడడానికి వచ్చినతన్ని కూడా తాగించకుండా పంపేది కాదు.

ఆ ఏడు మామయ్య, బావికి ఎగువనున్న చెలకను కౌలుకిచ్చాడు. పంటకు కాదు, డ్రమ్ములు కడిగే షెడ్డుకు. లారీల్లో నీలం డ్రమ్ములు వచ్చేవి, కడిగి మళ్లీ ఎక్కించేవాళ్లు. అంతకుముందు వాటిలో ఏముండేదో వాళ్లు చెప్పలేదు, మేం అడగలేదు. కడిగిన నీళ్లు పక్కనే తవ్విన గుంతలోకి వదిలేవాళ్లు. ఎంత వదిలినా ఆ గుంత నిండేది కాదు.

"అన్ని నీళ్లు యాడికి పోతున్నయబ్బా?" అని మా ఆయనను అడిగాను ఒకసారి.

"భూమి తాగుతది. ఇంకేం జేస్తది?" అన్నాడు.

బావిలో కప్పల అరుపు ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియదు. ఒకరోజు చదరాలు పిండుతుంటే చుట్టూ మరీ నిశ్శబ్దంగా అనిపించి, చేద పక్కన పెట్టి లోపలికి తొంగి చూశాను. నీళ్ల మీద సన్నటి తెట్టు ఉంది. గాలి పైనుంచి వీచినప్పుడు ముక్కుకు పుల్లటి వాసన తగిలింది. అత్తమ్మతో చెబితే, "నీకు ముక్కు మీద కోపమే గాదు, ముక్కుల రోగం గూడ ఉన్నది," అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కానీ ఆ రోజు నేను ఆ నీళ్లు తాగలేకపోయాను.

అప్పటికే పిల్లకు మెడ మడతల్లో ఎర్రగా పొక్కులు మొదలయ్యాయి. రోజూ బావి నీళ్లు కాచే స్నానం పోసేది అత్తమ్మ. నలుగు పడలేదంది, మానేసింది. దిష్టి అంది, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. పొక్కులు పొట్ట మీదికి పాకాయి. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. మా ఆడపడుచు దాన్ని ఒళ్లో వేసుకుని తనూ ఏడ్చేది.

"నీ ఊలు నూగే ఎగిరి పిల్ల మీద పడ్తాంది," అంది అత్తమ్మ చివరికి.

"నా ఊలు ఇంక పిల్ల ఉన్న అర్ర గడప గూడ తొక్కలేదు అత్తమ్మా!" అన్నాను.

తొట్టెల పండగ దగ్గర పడింది. చదరాలన్నీ కలిపి కుడదామని మంచం మీద పరిచాను. పెట్టెలో పేర్చిన వరుసలోనే పరిచాను కాబట్టి కనబడింది. ముందు అల్లినవి తెల్లగా ఉన్నాయి. తర్వాతవి కాస్త మాసినట్టు, ఆ తర్వాతవి పసుపు, చివరివి మరీ ముదురు. దుకాణంవాడు పాత సరుకు అంటగట్టాడని నోటికొచ్చినట్టు తిట్టిపోశాను. చివరి చదరం అల్లిన ఉండలో కొంచెం ఊలు మిగిలి ఉంది. తెచ్చి పక్కన పెట్టి చూశాను. ఉండ తెల్లగానే ఉంది. అదే ఉండలోంచి వచ్చిన చదరం పసుప్పచ్చగా ఉంది. మధ్యలో జరిగింది ఒక్క ఉతుకే. నాకు పిల్ల పొట్ట గుర్తొచ్చింది.

ఆ రెండూ చేతబట్టుకుని అత్తమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"నా బాయికి వంకలు వెడ్తవా? నిన్నగాక మొన్నొచ్చినవ్, నీకేమెరుక?" అని లేచింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. మామయ్య, "పండుగ కానియ్ బిడ్డా, మల్ల సూద్దాం," అన్నాడు. మా ఆయన, "సుట్టాలొస్తున్నరు, ఇప్పుడు లొల్లి జెయ్యకు," అన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు. మామూలుగా ఊలు రంగులో తేడా వస్తే చదరాలను కలగలిపి కుడతాం, కంటికి తెలియకుండా. ఈసారి కలపలేదు. వరుస తప్పకుండా కుట్టాను.

ఇరవై ఒకటో రోజున బాలింత బావికి పూజ చేసి, చేద వేసి నీళ్లు తోడాలి. ఆ నీళ్లే పిల్లకు పోయాలి. చుట్టాలంతా బావి చుట్టూ చేరారు. ఆడపడుచు అత్తగారు పిల్లను ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చుంది. నేను దుప్పటి తెచ్చి బావిగట్టు మీద పొడుగ్గా పరిచాను.

"అబ్బ, షేడు మస్తుగుందే! గీ ఊలు ఎక్కడ దొర్కింది?" అంది మా పెద్దత్త.

"ఎక్కడా దొర్కలే పెద్దత్తా. ఊలంతా ఒక్కటే, తెల్లదే. ముందుగాల ఈ బాయిల ఉతికినయి గా కొసకున్నయి, మొన్న ఉతికినయి గీ కొసకున్నయి," అన్నాను, అందరికీ వినబడేలా.

ఆడపడుచు చేతిలో చేద అప్పుడే పైకి వచ్చింది. వాళ్ల అత్తగారు పిల్లను గుండెకు హత్తుకుని చేదలోకి వంగి చూసింది. "నీళ్లు జర పసుపుగనే కనబడ్తున్నయి గద వదినా?" అంది.

అత్తమ్మ దుప్పటిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. పసుపు వైపు చదరాలను చేత్తో తడిమింది. తర్వాత చెంబు చేదలో ముంచి, అందరి ముందూ ఒక్క గుక్కన తాగేసింది.

"నీళ్లకేమైంది వదినా? మా బాయి నీళ్లు కమ్మగుంటయ్," అని కొంగుతో మూతి తుడుచుకుంది. పసుపు గిన్నె అందుకుంటున్నట్టు నా వైపు వంగింది. "రోడ్డు మీద బోరింగుకు జల్దీ పో. రెండు బిందెలు తే. పిల్లకు అయ్యే పొయ్యాలె. ఇగ రోజూ అయ్యే. ఎవ్వరికి చెప్పకు," అంది గొంతు తగ్గించి. నేను బిందెలు పట్టుకుని ఉరికాను.

పిల్ల అత్తగారింటికి వెళ్లేనాటికి ఒళ్లంతా నున్నగా అయింది. మేమందరం బోరింగు నీళ్లకు మారాం. అత్తమ్మ మాత్రం మారలేదు. "నేను బంద్ జేస్తె ఊరేమంటది? మీ మామ సొంత బాయిలనే ఇసం పోసిండంటది," అనేది. ఆమె బిందె నేను ఒలకబోస్తే మళ్లీ వెళ్లి తోడుకునేది. కాళ్లమీద పడ్డాను, తిట్టాను, అలిగి అన్నం మానేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మామయ్య గడువు తీరేదాకా షెడ్డును ఉండనిచ్చాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు ఆయన మీద కోపమే.

షెడ్డువాళ్లు పోయారు. కొన్నేళ్లకు, తుర్కపల్లి వైపు మందుల కంపెనీల కార్లు తిరగడం మొదలైన రోజుల్లో, అత్తమ్మ కాళ్లు వాచాయి. మూత్రపిండాలు పోయాయన్నారు. ఎందుకు పోయాయో డాక్టరు చెప్పలేదు, మామయ్య అడగలేదు. బావి మీద బండలు పరిపించాం.

ఎండాకాలం బడి సెలవుల్లో ఆడపడుచు కూతురు అవ్వను చూడడానికి వచ్చింది. అవ్వకు వణుకు పుడుతోందని నా ట్రంకుపెట్టెలో ఉండిపోయిన ఆ ఊలు దుప్పటి తెచ్చి తనే కప్పింది. అత్తమ్మ పసుపు కొసను వేళ్లతో తడుముతూ, "నాకు మన బాయి నీళ్లు తేపో," అంది నాతో. నేను ఫిల్టరు నీళ్లు ఆమె చెంబులోనే పోసి తెచ్చాను. బాయివే అని చెప్పాను.

ఒక గుక్క తాగి, నోట్లోనే ఆపుకుని, నా ముఖంలోకి చూసి మింగింది.

"ఇయి మన బాయియి గావు," అంది.

నేను చెంబుకు చేయి చాచాను. ఆమె ఇంకో గుక్క తాగింది.

"గీ నీళ్లు కమ్మగున్నయే," అంది.