వెన్ను మీద సుడి

మా కోడెకు మూపురం వెనక, సరిగ్గా వెన్ను మీద, వెంట్రుకలు గుండ్రంగా తిరిగి ఒక సుడి ఉండేది. దేవని జాతి కోడె. తెల్లటి ఒళ్లు, నల్లటి మచ్చలు. అది నడిచొస్తుంటే పొలం గట్టే పక్కకు జరిగి దారిస్తుందేమో అనిపించేది. దాన్ని ఆబోతుగా నిలబెట్టాలని, బాన్సువాడ చుట్టుపక్కల ఎవరి ఆవు ఎదకొచ్చినా మా కొట్టానికే తోలుకురావాలని నా కల. తోలుకొచ్చేవాళ్లు కూడా. కోడెను చూసి మురిసేవాళ్లు, సుడిని చూసి ఆవును మళ్లించుకుని పోయేవాళ్లు. వెన్ను మీద సుడి ఉన్న పశువు యజమానికి నష్టం తెస్తుందని మా దిక్కు నమ్మకం.

"ఇగ చాలు. విత్తు కొట్టించి నాగలికి కడదాం," అన్నాడు బాపు. ఆ పని జరిగితే అది వట్టి ఎద్దు. దాని దూడ అనేది ఈ భూమి మీద ఉండదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. సరిగ్గా అప్పుడే పశువుల దవాఖాన డాక్టరు సారు కబురు పంపాడు. పశువులు పెంచే కుర్రవాళ్లను కొందరిని ఆస్ట్రేలియా తీసుకెళ్తున్నారట, అక్కడ మాంసం కోసం మందలను ఎలా పెంచుతారో చూపించడానికి. ఎనిమిదో తరగతి దగ్గరే బడితో తెగతెంపులు చేసుకున్నవాణ్ని, నన్నెందుకు సార్ అంటే, "ఆడ నువ్వు చదవాల్సింది ఆవులనే," అన్నాడు.

అవ్వకు మాత్రం ఒకటే ఫికర్. "గక్కడ ఏం తింటవు బిడ్డా?"

"గడ్డి మస్తుగుంటదట అవ్వా."

బాపు నవ్వలేదు. "నువ్వు వచ్చేదాంక కోడెను ముట్ట. వచ్చినంక మాత్రం నీ మాట వినను," అన్నాడు.

అక్కడి నేల ఎర్రన. ఎంత చూసినా చివర కనబడని ఎరుపు. మొదటి రోజు పొద్దున హెలికాప్టరు చప్పుడైంది. మా దిక్కు హెలికాప్టరు వస్తే మంత్రి దిగుతాడు. అక్కడ మందను తోలేదే దానితోనట, ఆవులు బయల్దేరాయి. దూరంగా దుమ్ములోంచి తెల్లతెల్లగా, చప్పుడు లేకుండా, మంజీర మీద పొగమంచు కదిలినట్టు మంద వస్తూనే ఉంది. దగ్గరికొచ్చాక చూస్తే అన్నింటికీ మూపురాలు. వీటి ముత్తాతలు మన దేశం నుంచే ఓడలెక్కి ఎక్కడెక్కడో తిరిగి ఇక్కడ తేలాయని మా వెంట వచ్చిన డాక్టరు సారు చెప్పాడు. నాకు పాస్‌పోర్టు రావడానికే తల ప్రాణం తోకకొచ్చింది, వీటికి ఎవరిచ్చారో. ఇంటి పశువులను పరాయి దేశంలో చూస్తుంటే, నిద్రలో మన ఊరి సందులోనే దారి తప్పినట్టుంది.

మంద యజమాని, పెద్ద టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన, దొడ్లో ఆబోతులను నిలబెట్టి, మీరైతే ఏది తీసుకెళ్తారో చెప్పండి అన్నాడు. నేను అన్నింటి చుట్టూ తిరిగాను. అన్నింటికంటే నిండైన దాని వెన్ను మీద, మా కోడెకు ఉన్నచోటే, సుడి. రెండడుగులు వెనక్కి వేసి ఇంకోదాన్ని చూపించాను.

"దాన్నెందుకు వదిలినవని అడుగుతుండు," అన్నాడు సారు.

"సుడి ఉన్నది సార్. కొన్నోనికి నష్టమని చెప్పుండ్రి."

సారు మొహమాటపడుతూనే చెప్పాడు. పెద్దాయన కంచె అవతల మేస్తున్న దూడల మందను చూపించాడు. అవన్నీ దాని పిల్లలే. తర్వాత టోపీ తీశాడు. నున్నటి బట్టతల. ఏదో అన్నాడు, పక్కనున్న ఆయన భార్య కంచె పట్టుకుని నవ్వింది.

"ఇది వచ్చినంక పోయింది జుట్టొక్కటేనట," అన్నాడు సారు.

పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆబోతు వెన్ను మీద పెట్టి, మూపురం నుంచి తోక దాకా నొక్కించాడు. వాళ్లు పశువు ముఖం చూడరు. వెన్ను వెడల్పు, నడుము దగ్గరి కండ, దూడల ఎదుగుదల, అంతే. నా అరచేయి సుడి మీదుగా పోయింది. ఆకాశం ఉన్నచోటే ఉంది.

"ఇది ముసలిదైతే ఏం చేస్తరు?" అని అడిగించాను. ఆయన టోపీతో దారివైపు చూపించాడు. అక్కడున్నవి కబేళాకు పోయే లారీలు, దూడలు ఎదిగాక ఎక్కేవీ అవే. ఆ సాయంత్రం చెవులకు నంబరు బిళ్లలున్న పశువులు వరుసగా చెక్కల మీదుగా లారీలోకి ఎక్కుతుంటే, ఎర్రటి ఎండ వాటి మూపురాల మీద ఒక్కోదానిపై ఆగి ఆగి జారింది. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. ఆ మాంసం ముట్టనని రాత్రి వాళ్లు నా కోసం వేరేగా వండిన గుడ్లను మాత్రం పళ్లెంలోనే వదిలేశాను.

ఇంటికొచ్చాక బాపుకు ఒక ఫోటో ఇచ్చాను. టోపీ తీసిన పెద్దాయన, ఆబోతు సుడి మీద చెయ్యి. బాపు చాలాసేపు చూశాడు.

"గీయన నెత్తి మీద ఒక్క ఎంటిక లేదు గదరా."

"గంతే నష్టం బాపు. నీకు ఎట్లాగూ పోతున్నయి."

బాపు ఫోటో జేబులో పెట్టుకున్నాడు. "మన ఆవుకే దాటిద్దాం. ఒక్క ఈత చూస్త. దూడ మంచిగ లేకుంటే కోడె నాగలికే."

ఆవుకు నెలలు నిండేదాకా నాకు ఆ ఎర్రనేల కలలోకి వస్తూనే ఉంది. కలలో మంద కాలువ గట్టు మీదుగా వచ్చేది, వరి మడులు తొక్కకుండా, మా కొట్టం ముందు నిలబడేది. ఒక్కదాని చెవికీ బిళ్ల ఉండేది కాదు.

ఒక పొద్దున ఆవు ఈనింది. తల్లి నాకుతుంటే దూడ తూలుతూ లేచింది. "సుడి చూడు, ముందు సుడి చూడు," అంటూ వచ్చింది అవ్వ. బాపు కింద కూర్చుని తడి దూడ మీద అరచెయ్యి పెట్టాడు. సుడి కోసం వెతకలేదు. మెడ వెనక నుంచి తోక దాకా, నేను వచ్చినప్పుడు కోడె మీద చూపించినట్టే, మెల్లగా నొక్కుకుంటూ పోయాడు.

"వెడల్పుగున్నది," అన్నాడు.

లేచి, తలకు చుట్టుకున్న తువ్వాల తీసి, నెత్తి తడుముకున్నాడు.

"ఉన్నయి. నాగలికి ఇగ వేరే ఎద్దును చూడాలె."