అవ్వ ఏడ్చిన మాటలు

మా అన్న పేరున్న నవలా రచయిత. మా సిరిసిల్ల మరమగ్గాల బతుకుల మీద నవలలు రాసి, ఇల్లు గడవడానికి మధ్యమధ్య సినిమాలకు మాటలు రాసేవాడు. పదేళ్ల కింద అట్లాంటి ఒక సినిమా కరీంనగర్‌లో విడుదలైతే, అవ్వను, నన్ను మ్యాట్నీకి తీసుకుపోయాడు. తెర మీద కొడుకు పేరు చూసి అవ్వ ఎంతో మురిసిపోయింది.

సినిమా సగంలో కమెడియన్ చచ్చిన కోడిని ఒళ్లో పెట్టుకుని శోకం తీశాడు.

"సద్ది గట్టి పెడితి గదయ్యా, తినకుంటనే పోతివా!"

హాలంతా ఈలలు. నేనూ పగలబడి నవ్వాను. అంతలో అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"మీ బాపు మగ్గం కాడ పడి పాణమిడిసిన నాడు నేనేడ్సిన మాటలే గదనే బిడ్డా! గందరెందుకు నవ్వుతుండ్రు?"

అన్న తల దించుకున్నాడు.

"తల్లి పాత్రకు రాసిన అవ్వా. సినిమోళ్లు గిట్ల చేస్తరనుకోలే."



నిరుడు అన్న గుండెపోటుతో పోయాడు. మా దిక్కు ఆడవాళ్లు పోయినవాళ్లను తలుచుకుంటూ, మాటలు కట్టి, రాగం తీసి ఏడుస్తారు. "కొడుకు పోతుండు, ఒక్క మాటన్న అని ఏడువు" అని చుట్టాలంతా బతిమాలారు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. శవాన్ని తీసుకుపోయేదాకా ఒక్క మాట బయటికి రానియ్యలేదు.

ఎందుకో అక్కడున్నవాళ్లలో నాకొక్కదానికే తెలుసు. ఆ రోజు ఆమె పక్క సీట్లో కూర్చుని నవ్వింది నేనే.