పక్కింటి గోల్‌కీపర్

మొన్న శనివారం మెల్‌బోర్న్ శివార్లలోని క్రాన్‌బర్న్ మైదానంలో మా మనవరాలి ఫుట్‌బాల్ జట్టు ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది. గోల్‌కీపర్ పిల్ల ఏడుస్తుంటే నేను దగ్గరికి వెళ్ళబోయాను. "లీవ్ హర్ అమ్మమ్మా, షీ విల్ బి ఫైన్" అంది మా మనవరాలు. కారెక్కాక కూడా నాకు మా పక్కింటి జర్మన్ పెద్దాయనే గుర్తొస్తూ ఉన్నారు.

ఆయన వయసులో ఉండగా జర్మనీలో ఒక బొగ్గుగనుల ఊరి క్లబ్బుకు గోల్‌కీపర్. గనిలో పనిచేసేవాళ్ళే పెట్టుకున్న క్లబ్బు. పక్క జిల్లాలో దాని పేరెవరికీ తెలియదని ఆయనే కాస్త గర్వంగా చెప్పేవారు. మైదానంలో గడ్డి లేదు, నల్లటి బూడిదే. పడితే ఆ నలుపు చర్మం కింద ఉండిపోయేదట. మెల్‌బోర్న్ ఎండాకాలమంతా నిక్కర్లో తిరుగుతూ, ఎవరూ అడగకుండానే ఆ మోకాళ్ళు చూపించేవారు. ఆ క్లబ్బుకు పై లీగులోకి వెళ్ళే అవకాశం ఒక్కసారే వచ్చింది. ఆఖరి మ్యాచ్‌లో ఓడిపోయారు. ఆయన స్నేహితుడి కాలికి తగిలి బంతి సొంత గోల్లో పడిందని క్లబ్బు చరిత్రలో అచ్చు వేశారు. ఆ తర్వాత కొద్ది నెలలకే ఈయన ఆస్ట్రేలియా వచ్చేశారు.

గని మూతపడింది. ఆడేవాళ్ళు తగ్గిపోయి, చివరికి క్లబ్బును నది అవతలి క్లబ్బులో కలిపేయాలనుకున్నారు. వీడియోలో జరిగే ఆఖరి సమావేశానికి పాత సభ్యులనూ పిలిచారు. కంప్యూటర్ సాయం కోసం మా ఇంటికొచ్చిన పెద్దాయన, కూర్చుంటూనే అన్నారు: "బంతి వాడికి తగల్లేదు. నా చేతుల్లోంచి జారింది. ఊరు ఊరంతా వాడు పోయేదాకా వాడినే అంది."

మా ఆయన నన్ను వంటింట్లోకి పిలిచి, "అరవై ఏళ్ళ కిందటి మ్యాచ్ ఇప్పుడెవడికి కావాలి? మీటింగ్‌లో ఇది బయటపెడితే ఎంబరాస్ అవుతాడు పాపం, వద్దని నువ్వన్నా చెప్పు" అన్నారు. నేను చెప్పి చూశాను. "రేపటి నుంచి చెప్పడానికి క్లబ్బే ఉండదు" అన్నారు పెద్దాయన.

ఆయన జర్మన్‌లో మాట్లాడారు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, తెర మీద ఒక ముసలావిడ కళ్ళజోడు తీసేయడం చూశాను. ఆ స్నేహితుడి చెల్లెలట. ఆవిడ క్లుప్తంగా ఏదో అంది. ఏమన్నదని తర్వాత అడిగాను.

"వాళ్ళింట్లో అందరికీ తెలుసట. బయట అనొద్దని వాడే చెప్పాడట."

కార్యదర్శి ఆ విషయాన్ని సమావేశాల పుస్తకంలో రాసి, ఆ పైన క్లబ్బును మూసేశాడు. పెద్దాయన టీ కూడా వద్దని వెళ్ళిపోయారు. స్నేహితుడు బతికుండగా ఒక్కసారి ఆ ఊరికి వెళ్ళివుంటే సరిపోయేది. ఇంకా చాలా కాలం ఉందనుకోబట్టే వెళ్ళలేదేమో.