నాపరాయి కొలతకు కోసిన కారు

మా చిన్నప్పుడు... మాచర్ల వెల్డింగు షెడ్డులో మా కారు పైకప్పు కోస్తుంటే, అమ్మ బయట నిలబడి చూసింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. అప్పుడు నాకు పదేళ్లు.

అది పొడుగు కారు. స్టేషన్ వ్యాగన్ అనేవారు. డ్యాము పనులు అయిపోయాక వేలంలో నాన్న పాడుకున్నాడు. వెనక సీటు ముందుకు మడిస్తే, వెనక తలుపు దాకా అంతా చదునయ్యేది... పరుపు వేస్తే మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు.

మా ఊళ్లో ఇంకో బండి లేదు. నొప్పులొచ్చినా, పాము కరిచినా మా వాకిట్లోకే వచ్చేవారు. నాన్న బండి తీసేవాడు. ఆడమనిషైతే అమ్మ తోడు వెళ్లేది, తల ఒళ్లో పెట్టుకుని.

నాన్నది నాపరాళ్ల పని. క్వారీ నుంచి పలకలు తోలాలి, వాటిని పరిచే మేస్త్రీలనూ తీసుకెళ్లాలి. ఒకే బండిలో రెండూ కుదరాలని కారును మార్పించాడు. రెండు వరసల సీట్లు అలాగే ఉంచి, వాటి వెనక పైకప్పు కోసేసి, తొట్టి కట్టించడం. రాళ్లు జారి మనుషుల మీద పడకుండా సీట్ల వెనక ఇనుప రేకు గోడ.

వెల్డరు మస్తాన్ మామ టేపు తెచ్చాడు. నాన్న వద్దన్నాడు. మా రాళ్ల పనివాళ్లు గడపనైనా, అరుగునైనా పలకతోనే కొలిచేవారు. నాలుగడుగుల పలక ఒకటి తెచ్చి బండి వెనక ఆనించాడు.

“దీని కొలతకే కొట్టు మస్తానూ. బెత్తెడు ఎక్కువున్నా రాయి ఊగుద్ది. ఊగితే పగులుద్ది.”

అప్పుడు అమ్మ లోపలికి వచ్చింది. “ఏవయ్యా... ఆ గోడకి ఒక తలుపన్నా పెట్టించు. సీటు మడిచి మనిషి పండుకుంటే కాళ్లు చాపను చోటుండాలిగా.”

“ఇదేమన్నా ఆస్పత్రి బండా ఏందే? రాళ్ల బండి.”

“చెల్లెమ్మ మంచి మాటే చెప్తంది బావా. ఒక్క పూట పని” అన్నాడు మస్తాన్ మామ.

“తరవాత చూద్దాంలే. రేపు పొద్దున్నే లోడుంది.”

అమ్మ కొంగు పొట్ట మీదికి లాక్కుంది. అప్పటికి ఆమెకు ఆరో నెల.

బండి ఊళ్లోకి వస్తే అందరూ నవ్వారు. “ఏంది బావా, కారుకి గుండు కొట్టించావ్? మొక్కేమన్నా ఉందా?” అన్నారు. నాన్నా నవ్వాడు. లోడు మీద లోడు... తలుపు సంగతి అమ్మ రెండుసార్లు గుర్తు చేసింది. మూడోసారి అడగలేదు.

రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని పెద్దవ్వ గదిలోంచి బయటికి వచ్చింది. “బిడ్డ అడ్డం తిరిగిందిరా. నా వల్ల కాదు. మాచర్ల తీసకపో.”

మొదట బండి వెనక సీట్లో పడుకోబెట్టారు. మోకాళ్లు ముడుచుకోవాల్సి వచ్చింది. అమ్మ తట్టుకోలేకపోయింది. “దించండి... దించండయ్యా...” నాన్న ఆ రేకు గోడను అరచేత్తో రెండుసార్లు కొట్టాడు.

తొట్టిలోకి మార్చారు. ఇనుము కాలిపోతోంది. తడిపిన గోతాలు పరిచి, వాటి మీద పరుపు వేశారు. తల గోడకు ఆనింది. కాళ్లు మాత్రం పట్టలేదు. తొట్టి వెనక తలుపు కిందికి దించి, గొలుసుల మీద ఆపి, కాళ్లు దాని మీదికి చాపారు. జారకుండా నేను ఆ తలుపు మీదే కూర్చుని ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకున్నాను. పెద్దవ్వ గొడుగు పట్టింది. గాలికి అది నిలవలేదు.

రోడ్డంతా గతుకులే. గతుకు గతుకుకీ అమ్మ తల గోడకు తగులుతుంటే పెద్దవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. అమ్మ ఒకసారి కళ్లు తెరిచి నన్ను చూసింది.

“కాళ్లు కాలతన్నాయా అయ్యా?”

“లేదమ్మా” అన్నాను. కాలుతున్నాయి.

మాచర్లలో రైలు గేటు వేసి ఉంది. అక్కడ ఆగినప్పుడు నా ఒళ్లో పాదాలు బరువెక్కాయి. పెద్దవ్వ ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. ముందు కూర్చున్న నాన్నకు గోడ అడ్డం... కనపడలేదు. మేమూ పిలవలేదు. గేటు లేచింది. నాన్న ఆస్పత్రి దాకా ఎక్కడా ఆపకుండా తోలాడు.

బిడ్డా దక్కలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు నాన్న రాళ్లు కొట్టే ఉలి, సుత్తి తీసుకుని ఆ గోడ మీద పడ్డాడు. సాయంత్రానికి మనిషి పట్టేంత కంత అయింది. సంగతి తెలిసి మస్తాన్ మామ వచ్చాడు.

“నాకు చెప్తే కోసిపెట్టేవాణ్ణి గదా బావా.”

“నువ్వానాడే చెప్పావుగా” అన్నాడు నాన్న. అంతే.

ఆ కంతలోంచి రాతి దుమ్ము సీట్ల మీదికి వచ్చేది. వానొస్తే జల్లు కొట్టేది. మేస్త్రీలు సణిగినా నాన్న మూయించలేదు. ఊళ్లో ఎవరికి బాగాలేకపోయినా రాళ్లు దింపేసి, సీటు మడిచి, కంతలోంచి తొట్టిలోకి పరుపు పరిచేవాడు. వాళ్లను ఎక్కించే ముందు తానొకసారి పడుకుని చూసుకునేవాడు... కాళ్లు పడుతున్నాయో లేదో అని. ఎన్నిసార్లు ఎక్కించినా, ప్రతిసారీ పడుకుని చూసేవాడు.

ఇప్పుడు మాచర్ల రోడ్ల మీద వెనక తొట్టి ఉన్న నాలుగు తలుపుల పికప్పులు తళతళలాడుతూ తిరుగుతున్నాయి. మనవడు ఒకటి కొంటానని ఫోనులో బొమ్మలు చూపిస్తున్నాడు... రంగు, అద్దాలు, లోపల చల్లగాలి. ఫోను చేస్తే అంబులెన్సు ఇంటి ముందుకే వస్తోంది కాబట్టి ఆ పాత భయాలు వాడికి తెలియవు. మంచిదే.

మీ ఊళ్లో అప్పట్లో ప్రాణం మీదికొస్తే ఏ బండి కదిలేది? ఎవరు తోలేవారు? గుర్తున్నవాళ్లు రాయండి...

మనవడు “ఏ రంగు బాగుంది తాతా?” అని అడిగాడు. నేను తొట్టి పొడవెంతో అడిగాను.